నాలుగు గుడ్డల గాలి

ఆ దుకాణంలో ఏ మాటైనా అంచుతోనే మొదలయ్యేది. ఎవరైనా వచ్చి నీడగుడ్డ కావాలనగానే మేస్త్రీ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి, "అంచు ఎంతండీ?" అని అడిగేవాడు. మూడు వైపులా కలిపి అంచు ఎన్ని అడుగులో తెలిస్తే చాలు, ఇక ఆయనకు కాగితంతో పని లేదు, పెన్సిలుతో పని లేదు. అంచుని బట్టి గుడ్డ, అంచుని బట్టి తాళ్లు, అంచుని బట్టి ఇత్తడి రింగులు, అంచుని బట్టి నేలలో దిగ్గొట్టే ఇనుప మేకులు. తండ్రి నేర్పిన పద్ధతి అది. ముప్పై ఏళ్లలో ఒక్క గుడ్డా ఊడి పడలేదు. అందుకే వీధిలో అందరూ ఆయన్ని అంచుల మేస్త్రీ అనేవారు. ఆయన కూడా పైకి విసుక్కున్నట్టు కనిపించినా లోలోపల ఆ పేరుకు మురిసిపోయేవాడు.

వాళ్లు చేసేవన్నీ మూడు మూలల గుడ్డలే. మూడు వైపులా సమానంగా ఉంటాయి, మూడు ఇనుప గొట్టాలు పాతి, మూలల తాళ్లు వాటి మీదుగా నేలలోని మేకులకు లాగి కడితే కింద చల్లటి నీడ పడుతుంది. పండ్ల దుకాణాల వాళ్లు, సైకిళ్లు బాగుచేసేవాళ్లు కొనుక్కునేవారు. ఒక్కో వైపు పన్నెండు అడుగులు ఉండేది మామూలు రకం. ఎవరైనా మరీ పట్టుబడితే పదమూడు, లేదంటే పదకొండు. అంతకు మించి పెద్దది ఎవరూ అడగలేదు, ఆయనా కట్టలేదు.

కిటికీ పక్కన ఉన్న కుట్టు మిషను మీద కూర్చునేది ఆయన చెల్లెలు. పెళ్లయి పక్క వీధికి వెళ్లినా మిషను మానలేదు, భర్త పోయాక ఆమె అన్న పంచన చేరింది. అదే ఏడాది వదిన పురిట్లో కన్నుమూసింది. పొత్తిళ్లలోని పిల్లను ఒళ్లో వేసుకుని, మిషను తొక్కుతూనే పెంచింది. ఆ పిల్లకు మాటలు వచ్చిన కొత్తల్లో ఈమెను "కుట్టత్తా" అని పిలిచింది. వీధంతా అదే పేరు పట్టుకుంది.

చదివేవాళ్లు ఈ ఇంట్లో ఆమెకేదో కష్టం ఉందని తొందరపడి అనుకోవద్దు. అన్న ఆమెను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. కొత్త చీర కొంటే ముందు ఆమెకే, ఇంట్లో మెత్తటి పరుపు ఆమెకే. చిక్కంతా ఆ ముద్దులోనే ఉంది. ఆమె నాలుగో తరగతిలో ఉండగా తల్లికి జబ్బు చేసింది, దుకాణంలో ఇంకో జత చేతులు కావలసి వచ్చాయి. బడి మానేసి ఏడుస్తున్న చెల్లెలి తల నిమిరి అన్న అన్నాడు: "నువ్వు కుట్టు చెల్లాయ్, లెక్కలు నేను చూసుకుంటా." ప్రేమతో అన్న మాటే. ముప్పై ఏళ్లు గడిచేసరికి అది ఆ ఇంటి చట్టమైంది.

ఎప్పుడైనా ఆమె నోరు తెరిచి, "అన్నయ్యా, ఈ మూల ఇంకాస్త బలంగా ఉంటే బాగుంటుందేమో" అంటే ఆయన నవ్వేవాడు. "చూశారా, మా చెల్లెలు ఇంజినీరైపోయింది" అని ఎదుట ఉన్నవాళ్లకు చెప్పేవాడు. వాళ్లూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. కొన్నాళ్లకు ఆమె ఎవరికంటే ముందు తానే నవ్వడం నేర్చుకుంది, ఆ తర్వాత అసలు నోరు తెరవడమే తగ్గించుకుంది.

పిల్ల మాత్రం అత్తకు పూర్తిగా వేరు. తొమ్మిదో తరగతి. లేచింది మొదలు నోటికి విశ్రాంతి ఉండదు. తండ్రి దానికి గోరింక అని పేరు పెట్టాడు. బడి నుంచి రాగానే మిషను పక్కన నేల మీద చతికిలబడి, ఆ రోజు టీచరు కట్టిన చీర రంగు దగ్గర నుంచి పక్క బెంచీ పిల్ల పెన్ను పోగొట్టుకున్న సంగతి దాకా ఏకరువు పెట్టేది. ఎవరైనా వచ్చినప్పుడు కుట్టత్త దాని మోకాలు మీద మెల్లగా తట్టేది. "పెద్దవాళ్లు మాట్లాడుతుంటే అడ్డు రాకు" అనేది. రోజుకు పదిసార్లయినా అని ఉంటుంది.

ఇక టోకెన్ల తాత. పెద్దాసుపత్రి ఆవరణలో బల్ల వేసుకుని, వచ్చిన రోగులకు వరస సంఖ్య వేసిన కాగితం ముక్కలు ఇచ్చే ముసలాయన. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం పోయింది. ఎవరేం చెప్పినా చెయ్యి చెవికి ఆనించి, "గట్టిగా చెప్పమ్మా, వినపడలేదు" అనేవాడు. రోజూ మిగిలిపోయిన టోకెన్లు కట్టగట్టి గోరింకకు తెచ్చి ఇచ్చేవాడు. వాటి వెనక వైపు తెల్లగా ఉండేది. ఆ పిల్ల లెక్కలన్నీ వాటి మీదే చేసేది.

ఒకరోజు ఆయన కాగితాల కట్టతో పాటు ఒక సంబరం కూడా మోసుకొచ్చాడు. "ఏడాది తిరిగాను మేస్త్రీ, ఆఫీసు మెట్లు అరిగిపోయాయి. చివరికి ఒప్పుకున్నారు. నా బల్ల ముందు నిలబడేవాళ్లకు నీడ వేస్తారట. జ్వరంతో వచ్చినవాళ్లు ఆ ఎండలో నిలబడుతుంటే నాకు తిన్నది ఒంటబట్టట్లేదు. పెద్దది కావాలి. ఒక్కో వైపు ఇరవై నాలుగు అడుగులు."

మేస్త్రీ టీ గ్లాసు కింద పెట్టాడు. "అంటే అంచు డెబ్బై రెండు. మామూలు దానికి ముప్పై ఆరు. సరిగ్గా రెట్టింపు. అన్నీ రెండింతలు వేస్తే సరి. మూలకు ఒక తాడు బదులు రెండు తాళ్లు, ఒక మేకు బదులు రెండు మేకులు. నిశ్చింతగా ఉండు పెద్దాయనా."

గుడ్డ కూడా రెండింతలే తెప్పించాడు. కత్తిరించి నేల మీద పరిచేసరికి సగమే నిండింది. మేస్త్రీ నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "మిల్లువాడు కొలతలో కోత పెట్టాడు" అని తేల్చేసి, మళ్లీ అంత గుడ్డకూ కబురు పెట్టాడు. అప్పుడు సరిపోయింది. మిల్లువాణ్ణి ఆ వారమంతా తిట్టిపోశాడు.

కుట్టత్తకు మిల్లువాడి తప్పేమీ కనిపించలేదు. రెండో విడత గుడ్డ రాగానే పన్నెండు అడుగుల ముక్కలు నాలుగు కోసి పెట్టింది. పైన ఒకటి. కింద అటొకటి, ఇటొకటి. మధ్యలో ఖాళీ మిగిలితే నాలుగోది తలకిందులుగా తిప్పి అందులో పెట్టింది. అచ్చంగా సరిపోయింది. నాలుగు కలిసి ఒక పెద్ద మూడు మూలల గుడ్డ అయ్యాయి. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఆ నాలుగు ముక్కలనూ చూస్తూ ఉండిపోయింది. ఇవి విడివిడిగా నాలుగు చోట్ల కడితే మూలకొక తాడు చొప్పున పన్నెండు తాళ్లు పడేవి. ఇప్పుడు ఆరే పడుతున్నాయి. గాలి మాత్రం నాలుగు గుడ్డలదీ పడుతుంది. ఇది ఆమె ఎక్కడా చదువుకోలేదు. గాలికి ఎగిరే గుడ్డను ముప్పై ఏళ్లు చేతులతో అదిమి పట్టి కుట్టిన మనిషి కాబట్టి ఆమెకు తెలుసు.

ఆ సాయంత్రమే గోరింక బడి నుంచి వచ్చి పక్కన కూర్చుంది. "అత్తా, ఇవాళ సమబాహు త్రిభుజం చెప్పారు. అంటే మన నీడగుడ్డే. చుట్టుకొలత చాలా తేలిక, భుజాన్ని మూడుతో గుణించడమే. వైశాల్యమే కష్టం. భుజాన్ని భుజంతోనే గుణించి, దాన్ని మళ్లీ ఒకటి పాయింట్ ఏడు మూడు రెండుతో గుణించి, నాలుగుతో భాగించాలి."

"వైశాల్యమంటే?"

"లోపల ఉన్నదంతా అత్తా. అంచు కాదు, గుడ్డ."

పిల్ల ఒక టోకెను తిరగేసి లెక్క వేసింది. పన్నెండు అడుగుల గుడ్డ: అంచు ముప్పై ఆరు అడుగులు, లోపల అరవై రెండు చదరపు అడుగుల పైచిలుకు. ఇరవై నాలుగు అడుగులది: అంచు డెబ్బై రెండు, లోపల రెండు వందల నలభై తొమ్మిది. పెన్సిలు ఆగింది. కళ్లెత్తి అత్తను చూసింది.

"అంచు రెండింతలే అయింది. లోపలది నాలుగింతలైంది. నాన్న అన్నీ రెండింతలే వేశారు కదత్తా?"

కుట్టత్త నేల మీద పరిచిన నాలుగు ముక్కల వైపు చూసింది. పిల్ల అప్పటికే లేచింది. "ఉండు, నాన్నకు చెప్పొస్తా." ముందు గదిలో మేస్త్రీ, టోకెన్ల తాత, ఇనుప గొట్టాలు తెచ్చిన ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నారు. కుట్టత్త పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కూర్చో. నలుగురిలో నాన్నను తప్పు పడతావా?"

"తప్పు పట్టడం కాదత్తా, లెక్క."

"లెక్కయినా సరే. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే అడ్డు రాకు. నేను చెప్తాలే, సమయం చూసి."

"తప్పకుండా చెప్తావా?"

"చెప్తా."

ఆమె చెప్పడానికే వెళ్లింది కూడా. చీరకు అంటిన దారప్పోగులు దులుపుకుని గుమ్మం దగ్గర నిలబడింది. "అన్నయ్యా, మూలకు ఇంకో రెండు తాళ్లు..." అంది. గొంతు ఆమెకే సరిగా వినపడలేదు.

మేస్త్రీ నవ్వాడు. "మా చెల్లెలు మళ్లీ ఇంజినీరైంది" అన్నాడు. గొట్టాలు తెచ్చినవాళ్లు నవ్వారు. ముప్పై ఏళ్ల అలవాటుకొద్దీ ఆమె కూడా నవ్వింది.

నవ్వనిది తాత ఒక్కడే. చెయ్యి చెవికి ఆనించి ముందుకు వంగాడు. "ఏమంటోందమ్మా? గట్టిగా చెప్పు, వినపడలేదు."

"ఏం లేదు బాబాయ్" అంది కుట్టత్త, లోపలికి వచ్చేసింది.

నీడగుడ్డ పదకొండు రోజులు నిలబడింది. ఆ పదకొండు రోజులూ తాత ముఖం చూడాలి. వచ్చినవాళ్లనల్లా, "ఇటు రా నాయనా, నీడలోకి జరుగు" అంటూ ఇంటికి వచ్చిన చుట్టాల్లా పిలిచాడు. బిడ్డనెత్తుకొచ్చిన తల్లులను గుడ్డ కింద నడిమధ్య కూర్చోబెట్టాడు. మేస్త్రీ రోజూ ఏదో ఒక వంకతో అటు వెళ్లి, తలెత్తి చూసుకుని వచ్చేవాడు. గాలి లేని రోజులవి. ప్రతి పొద్దూ కుట్టత్త కిటికీలోంచి ఆకాశం వైపు చూసేది. ఒక్కో రోజు గడిచేకొద్దీ, నేనే అనవసరంగా భయపడ్డానేమో, అన్నయ్యకు తెలియదా, అని తనకు తాను సర్దిచెప్పుకునేది. గోరింక రెండుసార్లు అడిగింది. "చెప్పానులే" అందామె. అది అబద్ధం కాదు, నిజం కూడా కాదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం గాలి లేచింది. మిషను మీద గుడ్డ ఒక్కసారిగా ఉబ్బింది. కుట్టత్త దాన్ని రెండు చేతులా అదిమింది, మరుక్షణం వదిలేసి చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది.

ఆమె చేరేసరికి అంతా అయిపోయింది. చూసినవాళ్లు చెప్పారు. గుడ్డ పైకి లాగుతూ ఉంటే గొట్టం దగ్గర మేకులు నేలలోంచి కదిలాయట. తాళ్లు చూడ్డానికి అప్పుడే వచ్చిన మేస్త్రీ ఆ గొట్టాన్ని వాటేసుకుని నిలబడ్డాడట. తాత రోగులను ఒక్కొక్కరినే వరండాలోకి తోలాడట. ఒక ముసలమ్మ బల్ల దగ్గరే ఉండిపోతే, ఆవిణ్ణి చెయ్యి పట్టి లేపి పంపించి, తను వెనక ఉండిపోయాడట. వెనక నుంచి జనం అరిచారట, గొట్టం వంగుతోంది, వచ్చెయ్యమని. ఆయనకు వినపడలేదు.

గొట్టం కూలింది, దాంతో పాటు పడి మేస్త్రీకి తుంటి ఎముక విరిగింది. తాత దాని కింద పడి అక్కడికక్కడే పోయాడు. ఆవరణ నిండా టోకెన్లు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటి పక్కనే నీడగుడ్డ నేల మీద పరుచుకుని ఉంది. నాలుగు ముక్కలూ చెక్కుచెదరలేదు. ఆమె కుట్టు ఒక్కటీ విడిపోలేదు. అది చూసి కుట్టత్త అక్కడే కూలబడి, ఎవరెంత లేపినా లేవకుండా ఏడ్చింది.

తర్వాత అందరూ గాలినే తిట్టారు. వార్డులో మంచం మీద మేస్త్రీ, వచ్చినవాళ్లందరితో అదే అన్నాడు. "ముప్పై ఏళ్లలో లేనిది, ఏం గాలో అది. మనం ఏం చేయగలం?" వచ్చినవాళ్లు అవునవునన్నారు. కుట్టత్త మంచం పక్కన కూర్చుని జావ చల్లార్చేది, ఏమీ అనేది కాదు.

ఇంట్లో ఇంకొకరు కూడా ఏమీ అనడం మానేశారు. మూడు వారాలైనా ఎవరూ గమనించలేదు. చివరికి బడి నుంచి లెక్కల టీచరు స్వయంగా వచ్చింది. "పిల్ల నోరు విప్పడం లేదండీ. జవాబు తెలిసిన ప్రశ్నకు కూడా చెయ్యి ఎత్తడం లేదు. అడిగితే తలొంచుకుంటోంది. ఇంట్లో ఏమైనా అన్నారా?"

"ఏమీ అనలేదమ్మా" అంది కుట్టత్త. టీచరు వెళ్లాక పిల్ల పుస్తకాల సంచీ తెరిచింది. లెక్కల పుస్తకంలో మడత పెట్టిన టోకెను కనిపించింది. ముందు వైపు వరస సంఖ్య, వెనక వైపు ఆనాటి లెక్క. ముప్పై ఆరు, అరవై రెండు. డెబ్బై రెండు, రెండు వందల నలభై తొమ్మిది. దాని కింద చిన్న అక్షరాలతో ఒక్క వాక్యం రాసి ఉంది. కూడబలుక్కుని చదువుకుంది కుట్టత్త.

"అత్త చెప్తానంది."

ఆ మధ్యాహ్నం ఆమె పిల్లను వెంటబెట్టుకుని వార్డుకు వెళ్లింది. నాలుగు కాగితాలు కత్తిరించి సంచీలో పెట్టుకుంది. అక్కడ మంచం దగ్గర, ప్రమాదం సంగతి విచారించడానికి వచ్చిన ఇంజినీరమ్మ కూర్చుని రాసుకుంటోంది. మేస్త్రీ గాలి గురించి చెబుతున్నాడు.

"గాలి కాదన్నయ్యా" అంది కుట్టత్త.

వార్డంతా ఆమె వైపు తిరిగింది. ఆమె సంచీ తెరిచింది. దుప్పటి మీద కాగితాలు పేర్చింది. పైన ఒకటి, కింద రెండు, మధ్యలో తలకిందులుగా ఒకటి. "నాలుగు గుడ్డల గాలికి మనం రెండు గుడ్డల తాళ్లు కట్టాం. మిల్లువాడు కోత పెట్టలేదు. అంచు రెట్టింపైతే గుడ్డ నాలుగింతలవుతుంది. మేకులు కూడా నాలుగింతలు పడాల్సింది."

ఇంజినీరమ్మ ఆ కాగితాలను చూసింది. కలం మూసింది. "ఇది మీకు ముందే తెలుసా?" అని మెల్లగా అడిగింది.

"తెలుసు. ఈ పిల్లకూ తెలుసు. చెప్పబోతే నేనే ఆపాను."

మేస్త్రీ ముఖంలో రక్తం ఇంకిపోయింది. కోపగించలేదు. చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు. "నాకు ఎందుకు చెప్పలేదు చెల్లాయ్?"

"మొదలుపెట్టాను అన్నయ్యా. నువ్వు నవ్వావు. నేనూ నవ్వాను. బాబాయ్ గట్టిగా చెప్పమన్నాడు. ఏం లేదన్నాను."

మేస్త్రీ ఆ కాగితాలను తాకి చూశాడు. తలకిందులుగా ఉన్న నాలుగోదాన్ని వేలితో కదిపాడు. తర్వాత ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతుంటే విరిగిన ఎముక నొప్పెట్టి మూలిగాడు, మూలుగుతూనే ఏడ్చాడు.

"గుడ్డలు కుట్టమని కూర్చోబెట్టి నీ నోరు కూడా కుట్టేశాను" అన్నాడు. "నేను నిన్ను తిట్టలేదు, కొట్టలేదు. బాగా చూసుకుంటున్నానని గర్వపడ్డాను. నువ్వు చెప్పే మాట వినడం కూడా చూసుకోవడమేనని నాకు తోచలేదు. నాకు లెక్క రాకపోవడం పెద్ద తప్పు కాదు. వచ్చినవాళ్లు ఇంట్లోనే ఇద్దరు ఉన్నారు. వాళ్లు నాకు చెప్పలేకపోవడమే తప్పు. ఆ తప్పు నాది. పోయింది ఆ పెద్దాయన ప్రాణం."

ఇంజినీరమ్మ అన్నీ ఉన్నదున్నట్టు రాసుకుంది. పద్ధతి మార్చేదాకా దుకాణం తెరవకూడదని అధికారులు అన్నారు. నాలుగు నెలలు మూతపడింది. ఆసుపత్రి ఆవరణలో మళ్లీ నీడ వేయడానికి ఎవరూ ముందుకు రాలేదు. జ్వరంతో వచ్చినవాళ్లు మునుపటిలాగే ఎండలో నిలబడుతున్నారు. బల్ల దగ్గర వేరే అతను కూర్చుంటున్నాడు. అతనికి చెవులు చక్కగా వినిపిస్తాయి, నీడ సంగతి మాత్రం పట్టదు.

దుకాణం తెరిచిన రోజు మేస్త్రీ చేతికర్ర ఊతతో వచ్చి తన చోట కూర్చున్నాడు. మొదటి మనిషి వచ్చి గుడ్డ కావాలన్నాడు. మేస్త్రీ టీ గ్లాసు కింద పెట్టాడు. "అంచు..." అని ఆగిపోయాడు. "ఒక్కో వైపు ఎంతండీ?" అని అడిగాడు. పదహారు అడుగులన్నాడు వచ్చినాయన.

మేస్త్రీ లోపలి గది వైపు తిరిగాడు. గోరింక మిషను పక్కన నేల మీద తలొంచుకుని కూర్చుని ఉంది. తాత ఇచ్చిన కట్టలో చివరి టోకెన్లు ఒళ్లో ఉన్నాయి. లెక్క ఎప్పుడో వేసేసింది. పెదవులు కదిలాయి కానీ మాట బయటకు రాలేదు. అలవాటుగా అత్త వైపు చూసింది, మాట్లాడొచ్చా అన్నట్టు.

ఆ చూపు కుట్టత్త గుండెలో దిగబడింది. మోకాలు తట్టి ఆపడం నేర్పిన చేతిని ఆమె ఎత్తి, తన చెవికి ఆనించుకుంది. కళ్లనీళ్లు ఆగకపోయినా గొంతు మాత్రం ముందు గదిలోకి వినపడింది.

"గట్టిగా చెప్పమ్మా, వినపడలేదు."

పిల్ల మొదట చిన్నగా అంది. మేస్త్రీ కూడా చెయ్యి చెవికి ఆనించాడు. వచ్చినాయనకు ఏమీ అర్థం కాక ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"నూట పదకొండు చదరపు అడుగులు నాన్నా" అంది గోరింక, ఈసారి అందరికీ వినపడేలా. "అంచు నలభై ఎనిమిది. తాళ్లు మాత్రం అంచుని బట్టి వేయొద్దు."

మన ఇళ్లలోనూ లెక్క తెలిసినవాళ్లు ఉంటారు. వాళ్లు చిన్న గొంతుతో మొదలుపెట్టినప్పుడు నవ్వకుండా, మళ్లీ చెప్పమని ఒక్కసారి అడగడం మన బాధ్యత. అలా అడిగిన ముసలాయన ఒక్కడే ఉన్నాడు ఈ కథలో, ఆయనకు జవాబు దొరకలేదు.